నాడి, ఊపిరి: గుండె చుట్టూ నీరు చేరిన రోగి సేవకు ఒక చరిత్ర

సావనీరు వచ్చినప్పుడల్లా చరిత్ర వ్యాసము అంటే కోటలు, మసీదులు, నవాబులు, చెరువులు అని మనకు ఒక అలవాటు పడిపోయింది. షామీర్‌పేట చెరువు గురించి, మేడ్చల్ మీదుగా నిజామాబాదుకు పోయే రైలు గురించి వ్రాయడానికి ఎందరో ఉన్నారు. ఈసారి మేము ఆసుపత్రి వార్డులోకి పోయి, మంచం ప్రక్కన నిలబడి రోగి చెయ్యి పట్టుకునే మనిషి చరిత్ర వ్రాయదలచినాము. మన ఇళ్ళలో ఆ పనిని తీమార్‌దారీ అంటాము, ఆసుపత్రిలో నర్సింగ్ అంటారు. అన్ని జబ్బుల్లోనూ ఆ పని అవసరమే గాని, ఒక్క జబ్బులో మాత్రం అది గడియారము ముల్లు మీద నడుస్తుంది. దాని పేరు కార్డియాక్ ట్యాంపొనేడ్. పేరు చూసి భయపడవద్దు. మన ఇంటి మాటల్లోనే విప్పి చెబుతాము. ఈ జబ్బును లోకానికి బాగా వివరించిన వైద్యుల్లో ఒకరి పేరు మన మేడ్చల్ మండలములోని ఒక ఊరితో ముడిపడి ఉన్నది. అది మనలో చాలామందికి తెలియదు గనుకనే ఈ వ్యాసము.

గిలాఫ్ అంటే ఏమిటి

తకియాకు గిలాఫ్ తొడుగుతాము గదా, అలాగే గుండెకు కూడా ఒక గిలాఫ్ ఉన్నది. యునానీ హకీములు దానిని గిలాఫ్-ఎ-ఖల్బ్ అన్నారు. ఇంగ్లీషు డాక్టర్లు పెరికార్డియం అంటారు. అది రెండు పొరల సంచి. ఆ పొరల మధ్య మామూలుగా పదిహేను నుంచి యాభై మిల్లీలీటర్ల నీరు మాత్రమే ఉంటుంది. గుండె కొట్టుకునేటప్పుడు రాపిడి లేకుండా, యంత్రానికి నూనె వేసినట్లు ఆ నీరు పని చేస్తుంది.

కష్టము ఎక్కడ వస్తుందంటే, ఈ గిలాఫ్ త్వరగా సాగే గుడ్డ కాదు. క్షయ వల్లగాని, క్యాన్సర్ వల్లగాని, మూత్రపిండాలు చెడిపోవడం వల్లగాని అందులో నీరు నెమ్మదిగా చేరితే సంచి కొద్దికొద్దిగా సాగి ఒక లీటరు పైన కూడా పట్టుకోగలదు. అదే కత్తిపోటు వల్లనో, మోటారు స్టీరింగు ఛాతీకి గుద్దుకోవడం వల్లనో, గుండె ఆపరేషన్ తరువాతనో రక్తము ఒక్కసారిగా చేరితే నూట యాభై, రెండు వందల మిల్లీలీటర్లకే ప్రాణము మీదికి వస్తుంది. అంటే ఒక చాయ్ గ్లాసు రక్తము చాలు. సంచి సాగదు, నీరు నలగదు, ఇక నలిగేది గుండె ఒక్కటే. బయటినుంచి ఒత్తిడి పడి గుండె గదులు విప్పుకోలేవు. విప్పుకోని గదిలోకి రక్తము రాదు, రాని రక్తాన్ని గుండె పంపలేదు. గుండె కండరము ఎంత బలముగా ఉన్నా ఇక్కడ లాభము లేదు.

పాత కాలపు పరిశీలకులు

గుండె గిలాఫ్‌కు వచ్చే జబ్బుల సంగతి చాలా పాతది. పన్నెండవ శతాబ్దములో స్పెయిన్ దేశములోని సెవిల్ నగరానికి చెందిన ఇబ్న్ జుహ్ర్ అనే వైద్యుడు గుండె పొర వాపును, అక్కడ నీరు చేరడాన్ని వర్ణించినాడు. 1162లో చనిపోయిన ఆయనను యూరపు వారు అవెంజోర్ అని పిలిచినారు. 1669లో ఇంగ్లాండులో రిచర్డ్ లోయర్ అనే వైద్యుడు, చేరిన నీరు గుండెను బయటినుంచి అణచి విప్పుకోనీయదని వ్రాసినాడు. ఆలోచన సరిగ్గానే ఉన్నది గాని, బ్రతికి ఉన్న రోగిలో దానిని గుర్తు పట్టడం ఎలాగో అప్పటికి తెలియదు.

ఆ దారి చూపినది జర్మనీలో అడాల్ఫ్ కుస్మౌల్. 1873లో ఆయన ఒక విచిత్రమును వ్రాసిపెట్టినాడు. గుండె కొట్టుకుంటూనే ఉన్నది, కాని రోగి ఊపిరి లోపలికి పీల్చినప్పుడల్లా మణికట్టు దగ్గర నాడి సన్నబడుతున్నది, ఒక్కోసారి మాయమవుతున్నది. ఊపిరి వదలగానే మళ్ళీ దొరుకుతున్నది. దీనికి ఆయన విరుద్ధ నాడి అనే అర్థము వచ్చే పేరు పెట్టినాడు. 1884లో ఎడ్మండ్ రోజ్ అనే జర్మను శస్త్రవైద్యుడు ఈ గుండె అణచివేతకు ట్యాంపొనేడ్ అనే మాటను వాడుకలోకి తెచ్చినాడు. సీసాకు బిరడా బిగించినట్లు అన్న భావము అందులో ఉన్నది.

ఊపిరికీ నాడికీ ఈ ముడి ఎందుకు పడుతుంది? రెండు గదుల ఇరుకు ఇల్లు ఊహించుకోండి. బయటి గోడలు జరగవు, రెండు గదుల మధ్య ఒక పరదా మాత్రము ఉన్నది. ఊపిరి పీల్చినప్పుడు కుడి గదిలోకి రక్తము ఎక్కువ వస్తుంది. మామూలుగా అయితే కుడి గది బయటి వైపుకు విప్పుకుంటుంది. కాని బయట నీరు అడ్డముగా ఉన్నది గనుక పరదాను ఎడమ వైపుకు నెడుతుంది. ఎడమ గది ఇరుకవుతుంది. శరీరానికి రక్తము పంపేది ఆ ఎడమ గదే. అందుకని ఆ ఒక్క ఊపిరిలో నాడి పడిపోతుంది.

ఊపిరియా, నాడియా: హైదరాబాదులో జరిగిన వాదన

ఇక మన హైదరాబాదు సంగతికి వద్దాము. కుస్మౌల్ వ్రాసిన తరువాత పదిహేను, పదహారు ఏండ్లకు మన నగరములోనే ఊపిరి, నాడి అనే ఈ రెండు మాటల మీద పెద్ద వివాదము నడిచినది. అది ఈ జబ్బు గురించి కాదు, క్లోరోఫాం మత్తు గురించి. కాని రోగి దగ్గర నిలబడిన మనిషి దేనిని చూడాలి అన్నదే అక్కడా ప్రశ్న.

హైదరాబాదులో వైద్య పాఠశాల 1846లో ప్రారంభమైనది, దానికి మొదటి పెద్ద డాక్టర్ మెక్లీన్. తొలి రోజుల్లో అక్కడ పాఠము ఉర్దూలోనే చెప్పినారు. ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పే మాకు ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సంతోషముగా ఉంటుంది. 1866లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వచ్చినది. 1880ల దశకములో ఈ వైద్య పాఠశాలకు పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం ఇచ్చేటప్పుడు రోగి ఊపిరిని చూస్తే చాలు, నాడి చూడనక్కర లేదు, ఊపిరి ఆగిన తరువాతనే గుండె ఆగుతుంది అని గట్టిగా నమ్మినాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు కమిషన్లు జరిగినవి. రెండవ దానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు హైదరాబాదుకు వచ్చినాడు. జంతువుల మీద వందలాది ప్రయోగాలు చేసి లారీ మాటే నిజమన్నారు. ఆ రోజుల్లో ఈ వైద్య పాఠశాలలో చదివి రోగులకు క్లోరోఫాం ఇవ్వడములో పేరు తెచ్చుకున్న పార్సీ మహిళ రూపాబాయి ఫర్దూంజీ. లోకములో మత్తు డాక్టరుగా పని చేసిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. ఆడవాళ్ళకు ఆసుపత్రి పని ఏమిటి అనే వారికి నూట ముప్పై ఏండ్ల క్రిందటనే మన నగరము ఇచ్చిన జవాబు ఇది.

అయితే కాలము లారీ మాటను పూర్తిగా నిలబెట్టలేదు. క్లోరోఫాం వల్ల గుండె నేరుగా, అకస్మాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని 1911లో ఇంగ్లాండులో లేవీ అనే పరిశోధకుడు చూపించినాడు. నాడిని వదిలి ఊపిరినే చూడమన్న సలహా తప్పని తేలినది. మేము దీని నుంచి తీసుకునే పాఠము ఒక్కటే. రోగి దగ్గర ఉన్న మనిషి ఊపిరినీ చూడాలి, నాడినీ చూడాలి. ట్యాంపొనేడ్ జబ్బులోనైతే రెండింటినీ ఒకేసారి, ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూడాలి. ఛాతీ పైకి లేచినప్పుడు వేలి క్రింద నాడి ఉన్నదా పోయినదా అన్నదే అసలు ప్రశ్న.

వేలి నుంచి పట్టీ దాకా

వేలితో చూసినది అంకెల్లోకి ఎలా వచ్చినదో కూడా తెలుసుకుందాము. 1896లో ఇటలీలో రీవా రోచీ చేతికి చుట్టే పట్టీతో రక్తపోటు కొలిచే సాధనము చేసినాడు. 1905లో రష్యాలో కొరొట్కాఫ్ ఆ పట్టీ క్రింద స్టెతస్కోపు పెట్టి శబ్దము వినే పద్ధతి చెప్పినాడు. ఈనాడు మేడ్చల్ బస్టాండు దగ్గరి క్లినిక్‌లో బీ.పీ. చూసే పద్ధతి అదే. ఈ పట్టీతోనే విరుద్ధ నాడిని కొలవవచ్చును. గాలిని చాలా నెమ్మదిగా వదులుతూ ఉండాలి. మొదట శబ్దము ఊపిరి వదిలినప్పుడు మాత్రమే వినబడుతుంది. అక్కడ అంకె వ్రాసుకోవాలి. ఇంకా దించగా, పీల్చినా వదిలినా శబ్దము వినబడే చోటు వస్తుంది. అక్కడ ఇంకొక అంకె. రెండింటి మధ్య తేడా పది మిల్లీమీటర్ల లోపు అయితే మామూలు. పది దాటితే డాక్టరుకు చెప్పవలసిన సంగతి. దీనికి పెద్ద యంత్రము అక్కర లేదు. ఒక పట్టీ, ఒక స్టెతస్కోపు, రెండు నిముషాల ఓపిక కావాలి.

1935లో అమెరికాలో క్లాడ్ బెక్ అనే శస్త్రవైద్యుడు మూడు గుర్తులు కలిపి చెప్పినాడు. రక్తపోటు పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె శబ్దము దూరము నుంచి విన్నట్లు మందముగా వినబడడం. ఈ మూడూ ప్రతి రోగిలోనూ కలిసి రావు. కాబట్టి మూడూ వచ్చేదాకా ఆగితే ఆలస్యమే. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు శబ్ద తరంగాలతో గుండెను చూసే పద్ధతి మొదలు పెట్టినారు. 1965లో అమెరికాలో ఫైగెన్‌బామ్ ఆ పద్ధతితో గుండె చుట్టూ నీరు పట్టుకోవచ్చునని చూపించినాడు. మనము ఎకో పరీక్ష అనేది అదే. కాని ఎకో గదికి రోగిని పంపాలని ఎవరికో ఒకరికి అనుమానము రావాలి గదా. ఆ అనుమానము చాలాసార్లు మంచము దగ్గరనే పుడుతుంది.

పిట్స్‌బర్గ్ నుంచి ఘనపూర్‌కు

ఇప్పుడు మన ఊరి పేరు వస్తుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయములో గుండె వైద్యుడుగా, ప్రొఫెసరుగా పని చేసిన మన తెలుగు డాక్టరు పి. సుధాకర్ రెడ్డి. వైద్య పత్రికల్లో పి. ఎస్. రెడ్డి అని ఉంటుంది. 1978లో సర్క్యులేషన్ అనే పేరున్న గుండె వైద్య పత్రికలో ఆయన, ఆయన సహచరులు ట్యాంపొనేడ్ రోగుల గుండెలో, గిలాఫ్‌లో ఒత్తిడులు కొలిచి, నీరు తీయక ముందు ఎంత, తీసిన తరువాత ఎంత అని వివరముగా వ్రాసినారు. 1982లో గుండె పొర జబ్బుల మీద వచ్చిన ఒక పెద్ద గ్రంథానికి ఆయన సంపాదకుల్లో ఒకరు. 1990లో మళ్ళీ ఒక వ్యాసములో, ఈ జబ్బు ఉన్నది లేదా లేదు అని రెండు ముక్కల్లో తేలేది కాదు, మెట్టు మెట్టుగా ముదిరేది అని చూపించినారు. ఈనాటికీ గుండె వైద్య పుస్తకాల్లో ఈ వ్యాసాలను పేర్కొంటారు.

ఈ పెద్దమనిషే స్వదేశము వైపు చూసి షేర్ ఇండియా అనే సంస్థ ద్వారా మెడిసిటీ ఆసుపత్రికి పునాది వేసినారు. మేడ్చల్ మండలము ఘనపూర్ గ్రామములో 2002లో మెడిసిటీ వైద్య కళాశాల మొదలైనది. దానికి ముందే, 1990ల దశకములోనే, మేడ్చల్ చుట్టుప్రక్కల పల్లెల్లో ఇంటింటికీ పోయి గర్భిణులను, పసిపిల్లలను చూసే కార్యక్రమము ఆ సంస్థ చేపట్టినది. పిట్స్‌బర్గ్‌లో గుండె గిలాఫ్ ఒత్తిడి కొలిచిన చెయ్యి మన పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలను తయారు చేయించినది అన్న మాట. మన ఊర్ల చరిత్ర వ్రాసేవారు చెరువు ప్రక్కన ఈ సంగతి కూడా వ్రాసిపెట్టాలని మా మనవి.

మెట్టు మెట్టుగా ముదురుతుంది అనే మాటను మామూలు డాక్టరు పాఠముగా తీసుకోవద్దు. నర్సుకు అంతకన్నా పెద్ద పాఠము లేదు. డాక్టరు రౌండ్సుకు ప్రొద్దున ఒకసారి, సాయంత్రము ఒకసారి వస్తాడు. ఆ రెండు రౌండ్ల మధ్య రోగి ఒక మెట్టు దిగినాడా, రెండు మెట్లు దిగినాడా అన్నది చూసేది నర్సు ఒక్కతే. రోగిని పరిశీలించడం నర్సు పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠమని 1860లో లండన్‌లో నర్సుల బడి పెట్టించిన ఫ్లోరెన్స్ నైటింగేల్ చెప్పినది కూడా ఇదే.

నర్సు చేసే పని

మా బడిలో ఉర్దూ మీడియంలో పదవ తరగతి చదివి, తరువాత నర్సింగ్ నేర్చుకున్న ఒక అమ్మాయి ఉన్నది. ఈ వ్యాసము కోసము ఆమెను కూర్చోబెట్టి అడిగి వ్రాసుకున్నాము. ఆమె మాటలను వరుసగా ఇస్తున్నాము.

ఈ జబ్బు ఉన్న రోగిని వెల్లకిలా పడుకోబెట్టరాదు. తల వైపు మంచము ఎత్తి, లేదా ముందుకు వంగి కూర్చోబెట్టితే ఊపిరి కొంత తేలిక అవుతుంది. ఆక్సిజను ఇస్తారు. నాడి, రక్తపోటు, ఊపిరి ప్రతి పదిహేను నిముషాలకు చూసి వ్రాయాలి. పై అంకె తగ్గుతూ, క్రింది అంకె అక్కడే ఉండి, రెండూ దగ్గరికి వస్తుంటే అది హెచ్చరిక. మూత్రము గంటకు ముప్పై మిల్లీలీటర్ల కన్నా తక్కువ వస్తున్నదా చూడాలి. చేతులు కాళ్ళు చల్లబడడం, చెమట, కారణము లేకుండా రోగి చిరాకు పడడం, మంచము మీద నిలవలేకపోవడం, ఇవన్నీ మెదడుకు, ఒంటికి రక్తము చాలడం లేదని చెబుతాయి. అలాంటి రోగిని గొడవ చేస్తున్నాడని మత్తు మందు ఇచ్చి పడుకోబెట్టడం ప్రమాదము.

మందుల విషయములో కూడా జాగ్రత్త కావాలి. కాళ్ళ వాపు ఉన్నదని మూత్రము ఎక్కువ చేసే ఇంజక్షను ఇస్తే గుండెకు వచ్చే కొద్ది రక్తము కూడా తగ్గిపోతుంది. కృత్రిమ శ్వాస యంత్రము కూడా ఛాతీలో ఒత్తిడి పెంచుతుంది గనుక డాక్టర్లు వెనుకాడుతారు. అవసరమైతే నరములో సెలైన్ కొంచెము ఎక్కించి, నీరు తీసేదాకా కాలము గడుపుతారు. అసలు వైద్యము నీరు తీయడమే. ఛాతీ ఎముక క్రింది నుంచిగాని, ప్రక్కటెముకల మధ్య నుంచిగాని ఎకోలో చూస్తూ సూదిని లోపలికి పంపి లాగుతారు. యాభై మిల్లీలీటర్లు వచ్చేసరికే ఒక్కోసారి రోగి ముఖము మారిపోతుంది. నర్సు అంతకు ముందే రోగికి, ఇంటివాళ్ళకు విషయము చెప్పి సంతకము తీసుకోవాలి, ట్రే సిద్ధము చేయాలి, గుండె లయ చూపే తెర మీద కన్ను వేసి ఉంచాలి. తరువాత గొట్టము పెట్టి ఉంచితే అందులోంచి ఎంత వచ్చినది, ఏ రంగులో వచ్చినది, గంట గంటకు వ్రాయాలి. తీసిన నీటిని పరీక్షకు పంపాలి. కుట్టు దగ్గర చీము పట్టకుండా చూడాలి.

గుండె ఆపరేషను అయిన రోగిలో ఇంకొక మోసము ఉన్నది. గొట్టములోంచి రక్తము వస్తూ వస్తూ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఇంటివాళ్ళు రక్తము ఆగినదని సంతోషపడుతారు. గొట్టము గడ్డకట్టి మూసుకుపోయి, రక్తము గిలాఫ్ లోపలనే చేరుతూ ఉండవచ్చును. రక్తము ఆగడమూ, బీ.పీ. పడడమూ ఒకేసారి జరిగితే నర్సు పరుగెత్తాలి.

ఒక రాత్రి సంగతి

ఆ అమ్మాయిని నర్సింగ్‌కు పంపేటప్పుడు ఇంట్లో ఎంత గొడవ అయినదో మాకు తెలుసు. ఆమె అమ్మీ మా దగ్గరికి వచ్చి, "సర్, రాత్రి డ్యూటీలంట, పరాయి మగవాళ్ళ చెయ్యి పట్టుకోవాలంట, మా ఖాందాన్‌లో ఎవరూ చెయ్యలేదు. రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి?" అని అడిగినది. అబ్బా అయితే మూడు నెలలు మాట్లాడలేదు. చివరికి మేనమామ ఒకాయన నచ్చజెప్పి ఫీజు కట్టినాడు.

కొన్ని ఏండ్లకు ఆమె నగరములో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్నది. లారీ క్లీనరు పని చేసే ఒక పిల్లవాడు మంచము మీద తకియా కౌగిలించుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. క్షయ మందులు మూడవ నెలలో మానేసినాడట. కాళ్ళ వాపు చూసి మూత్రము ఎక్కువ చేసే ఇంజక్షను చీటీ మీద వ్రాసి ఉన్నది. ఈమె సిరంజి పట్టుకుని దగ్గరికి పోయినది. పిల్లవాడి మెడ నరము దీపము వెలుగులో తాడులా ఉబ్బి కనిపించినది. సిరంజి ప్రక్కన పెట్టి నాడి పట్టుకున్నది. నిముషానికి నూట ఇరవై పైన ఉన్నది. ఛాతీ లేచినప్పుడల్లా వేలి క్రింద ఏమీ లేదు. పట్టీ కట్టి నెమ్మదిగా దించి చూస్తే తేడా పద్దెనిమిది. డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి, "సర్, ఈ ఇంజక్షను ఇచ్చే ముందు మీరు ఒక్కసారి వచ్చి చూడండి" అన్నది. ఆయన పొద్దున చూద్దామన్నాడు. ఆమె అంకెలు చదివి వినిపించినది. అంకెలు విని ఆయన లేచి వచ్చినాడు. ఎకో చేసినారు, గిలాఫ్ నిండా నీరు. అప్పటికప్పుడే సూదితో ఆరు వందల మిల్లీలీటర్లు తీసినారు. ఆ పిల్లవాడు నాలుగు రాత్రుల తరువాత మొదటిసారి వెనక్కి వాలి నిద్రపోయినాడు.

నాకు అర్థమైనంతలో అక్కడ గొప్ప సాహసము ఏమీ జరగలేదు, నేర్చుకున్నది చేసినాను, అంతే సర్, అన్నది ఆమె. మాకు మాత్రము ఇంజక్షను ఇవ్వకుండా ఆగిన ఆ ఒక్క నిముషము చాలా విలువైనదిగా తోచినది.

మనకు పనికివచ్చే మాటలు

క్షయ రోగము మన దేశములో గుండె చుట్టూ నీరు చేరడానికి ముఖ్య కారణాల్లో ఒకటి. మన బస్తీల్లో ఇరుకు గదులు, బీడీ పొగ, బరువు పనులు, చాలని తిండి అందరికీ తెలిసినవే. క్షయ మందులు సర్కారు ఆసుపత్రుల్లో ఉచితముగా ఇస్తారు. సాధారణముగా ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకు దగ్గు తగ్గి ఒళ్ళు తేలిక కాగానే మానేసేవారు ఉన్నారు. అదే పెద్ద పొరపాటు. మన సభ్యుల ఇళ్ళలో ఎవరైనా మందు వాడుతూ ఉంటే చివరి మాత్ర దాకా వాడించే బాధ్యత ఇంటి పెద్దలు తీసుకోవాలి.

రెండవది రోడ్డు. నాగపూరు వైపు పోయే జాతీయ రహదారి మేడ్చల్ గుండా, కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి షామీర్‌పేట గుండా పోతున్నవి. ఛాతీకి దెబ్బ తగిలిన మనిషి పైకి గాయము లేకపోయినా లోపల గిలాఫ్‌లో రక్తము చేరవచ్చును. లేచి కూర్చున్నాడు, మాట్లాడుతున్నాడు అని ఇంటికి తీసుకుపోవద్దు. 108కి ఫోను చేయాలి. ఆ అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైనది, దాని కేంద్రము ఏర్పడినది మేడ్చల్ రోడ్డు మీది దేవరయాంజాల్‌లోనే. ఛాతీలో కత్తిగాని, ఇనుప చువ్వగాని దిగి ఉంటే దానిని పీకకూడదు, అలాగే ఆసుపత్రికి చేర్చాలి.

మూడవది, రోగి ప్రక్కన కూర్చునే మనవాళ్ళ సంగతి. రోగి పడుకోలేక కూర్చునే ఉంటున్నాడా, మెడ నరాలు ఉబ్బినాయా, మూత్రము తగ్గినదా, ఊరకే చిరాకు పడుతున్నాడా, చూసి నర్సుకు చెప్పండి. నర్సు నాడి పట్టుకుని ఛాతీ వైపు చూస్తున్నప్పుడు మాట్లాడించవద్దు, ఆమె లెక్క పెడుతున్నది. ఒక రోగి దగ్గరికి పదిమంది పోయి చుట్టూ నిలబడితే గాలి ఆడదు, ఆమె పని సాగదు.

చివరి మనవి

ఇబ్న్ జుహ్ర్ చూసినాడు, కుస్మౌల్ వేలు పెట్టినాడు, కొరొట్కాఫ్ చెవి పెట్టినాడు, మన రెడ్డిగారు ఒత్తిడి కొలిచినారు. ఇంత మంది కూడబెట్టిన జ్ఞానము రాత్రి రెండు గంటలకు వార్డులో పనికిరావాలంటే అది ఒక నర్సు చేతిలోకి రావాలి. ఆ చెయ్యి ఎవరి ఇంటి ఆడపిల్లది? కేరళ నుంచి, ఆంధ్ర జిల్లాల నుంచి, మిషన్ ఆసుపత్రుల బడుల నుంచి వచ్చిన అమ్మాయిలు మన తల్లుల చెయ్యి పట్టుకుని చూస్తున్నారు. వారికి మనము ఎంతో ఋణపడి ఉన్నాము. మనకు ఆపద వచ్చినప్పుడు నర్సు కావాలి గాని, మన అమ్మాయి నర్సు కావద్దు అంటే అది న్యాయము కాదు.

పైగా ఆసుపత్రిలో బురఖా వేసుకున్న ముసలమ్మ తన బాధ ఉర్దూలో చెప్పుకుంటే అర్థము చేసుకునే మనిషి ఉండడం చిన్న సంగతి కాదు. దమ్ ఘుట్‌తా హై అని ఆమె అన్నప్పుడు, అది ఆయాసమా, గుండె అణిగిపోవడమా అని ఇంకో రెండు ప్రశ్నలు అడగగలిగే నర్సు ఉంటే ఎంత మేలు. ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలకు సైన్సు మాటలు మొదట కష్టమే. కాని గిలాఫ్-ఎ-ఖల్బ్ అన్న మాట తెలిసిన పిల్లకు పెరికార్డియం నేర్వడం ఎంతసేపు పని? మేము బడిలో ఇంటర్ బైపీసీకి పోయే అమ్మాయిలకు సెలవుల్లో ఇంగ్లీషు వైద్య పదాలు చెప్పడానికి సిద్ధముగా ఉన్నాము.

సొసైటీ పెద్దలు స్కాలర్‌షిప్పుల జాబితా తయారు చేసేటప్పుడు ఇంజనీరింగ్, డిగ్రీ చదువుల ప్రక్కన నర్సింగ్‌కు కూడా ఒక వరుస వేయాలని, మేడ్చల్ నుంచి ఒకరిని, షామీర్‌పేట నుంచి ఒకరిని ఈ సంవత్సరమే పంపాలని కోరుతున్నాము. అబ్బాలతో, అమ్మీలతో మాట్లాడే పని మాకు అప్పగించండి. రాత్రి డ్యూటీ గురించి వారు అడిగే ప్రశ్నలకు ఇప్పుడు మా దగ్గర జవాబు ఉన్నది.